మూలికల పొడి వాడుతూ కీళ్లవాతం మాత్రలు మానేయొచ్చా?

ప్రశ్న: నా వయసు 43. మాది ఖమ్మం జిల్లా. నాకు రుమటాయిడ్ ఆర్థరైటిస్ ఉందని రెండేళ్ల కిందట తేలింది. వారానికోసారి మెథోట్రెక్సేట్ వేసుకుంటున్నాను. మర్నాడంతా వికారం, నీరసం. వావిలాకు సారంతో ఎలుకల్లో కీళ్లవాతం తగ్గిందన్న వార్త చూసి మా ఆడపడుచు ఓ మూలికల పొడి తెప్పించింది. వావిలాకు, తిప్పతీగ కలిపారట. వారం నుంచి వాడుతున్నాను. మూడో రోజుకే నొప్పులు బాగా తగ్గాయి. ఇక మాత్రలు మానేయొచ్చా?

సలహా: మానొద్దమ్మా. ఆపాల్సింది ఆ పొడిని.

మీరు చూసిన వార్త అబద్ధమని నేను అనడం లేదు. వావిలాకు మీద అలాంటి పరీక్షలు నిజంగానే జరిగాయి. అయితే వాటిని ఎలా చేస్తారో తెలిస్తే, ఆ ఫలితం మీకు ఎంతవరకు వర్తిస్తుందో అర్థమవుతుంది. చంపిన క్షయ సూక్ష్మజీవులను నూనెలో కలిపి ఎలుక పాదంలోకి ఇంజెక్షన్ ఇస్తారు. పాదం వాస్తుంది, తర్వాత మిగతా కీళ్లూ వాస్తాయి. కొన్ని ఎలుకలకు ఆకు సారం, కొన్నింటికి డైక్లోఫెనాక్ లాంటి నొప్పి మందు ఇచ్చి, వాపు ఎంత తగ్గిందో కొలుస్తారు. చాలా పరీక్షల్లో సారాన్ని ఇంజెక్షన్ రోజు నుంచే మొదలుపెడతారు. అంటే జబ్బు ముదరకముందే. పైగా ఎలుకల్లో ఆ వాపు కొన్ని వారాలకు దానంతటదే తగ్గుముఖం పడుతుంది. మీ జబ్బు అలా తగ్గేది కాదు.

మోతాదు సంగతీ చూడండి. ఎలుకలకు సాధారణంగా కిలో బరువుకు 200 నుంచి 400 మిల్లీగ్రాముల సారం ఇస్తారు. 400 మిల్లీగ్రాములను మనిషికి లెక్కగడితే, 60 కిలోల వ్యక్తికి రోజుకు దాదాపు 4 గ్రాములు. అది కూడా ఆకును ఆల్కహాల్‌లోనో నీళ్లలోనో నానబెట్టి, వడకట్టి, ఇగిర్చి తీసిన సారం. మీ డబ్బాలో ఉన్నది ఉత్త పొడి. ఆ రెండూ ఒకటి కావు.

మొక్కల్లో మందు లేదని కాదు. చైనాలో 'లెయ్ గోంగ్ తెంగ్' అనే తీగ వేరు సారాన్ని 207 మంది రోగుల మీద మెథోట్రెక్సేట్‌తో పోల్చి చూశారు. 2014లో ఫలితాలు వచ్చాయి. 24 వారాలకు లక్షణాలు సగమైనా తగ్గినవారు మెథోట్రెక్సేట్ వాడినవారిలో 46 శాతం, సారం వాడినవారిలో 55 శాతం, రెండూ కలిపి వాడినవారిలో 77 శాతం. చాలా మంచి ఫలితమే. కానీ ఆ తీగ ఆడవాళ్లలో నెలసరి ఆపేస్తుంది, మగవాళ్లలో వీర్యకణాలు తగ్గిస్తుంది. సరిగా శుద్ధి చేయకపోతే ప్రాణాలకే ముప్పు. పనిచేసే మొక్కకు దుష్ప్రభావాలూ ఉంటాయి. అందుకే మనుషుల మీద పరీక్ష తప్పనిసరి. కోయంబత్తూరులోనూ ఆయుర్వేద వైద్యులు, ఆధునిక వైద్యులు కలిసి 43 మంది మీద 36 వారాలు పరీక్షించారు. ఆయుర్వేదం, మెథోట్రెక్సేట్ దాదాపు సమానంగా పనిచేశాయి. అక్కడ వైద్యులు రోగిని చూసి మందు నిర్ణయించారు, క్రమం తప్పకుండా రక్తపరీక్షలు చేశారు. అయినా ఆ కొద్దిమందిని బట్టి తీర్పు చెప్పలేం. ఇలాంటివి పెద్ద ఎత్తున జరగాలని మనసారా కోరుకుంటాను.

ఇక నన్ను నిజంగా కంగారు పెట్టింది మీరు రాసిన 'మూడో రోజుకే' అన్న మాట. ఆకులు అంత వేగంగా పనిచేయవు. అలా పనిచేసే పొడుల్లో స్టెరాయిడ్ కలిపిన సందర్భాలు మేం చూస్తూనే ఉంటాం. ముఖం ఉబ్బడం, ఆకలి విపరీతంగా పెరగడం, షుగర్ పెరగడం దాని గుర్తులు. మీరు వాడింది వారమే కాబట్టి ఇప్పుడే ఆపేయండి. నెలల తరబడి వాడినవారు మాత్రం ఒక్కసారిగా ఆపకూడదు, డాక్టర్ పర్యవేక్షణలో తగ్గించుకోవాలి. తిప్పతీగతో ఇంకో సమస్య ఉంది. కోవిడ్ రోజుల్లో దాన్ని వాడినవారిలో కొందరికి కాలేయం దెబ్బతిన్నట్టు ముంబై వైద్యులు 2021లో వెల్లడించారు. మెథోట్రెక్సేట్ వాడేవాళ్లకు కాలేయం మీద అసలే ఓ కన్నేసి ఉంచాలి. కాబట్టి ఈ వారంలోనే లివర్ ఫంక్షన్ టెస్టు, బ్లడ్ కౌంట్, షుగర్ చేయించుకోండి. ఆ డబ్బాను కూడా మీ డాక్టర్‌కు చూపించండి.

మెథోట్రెక్సేట్ నొప్పి మాత్ర కాదు. కీలు లోపలి పొర వాచి పక్కనున్న ఎముకను తినేయకుండా ఆపే మందు. నొప్పి తగ్గిందని మానేస్తే లోపల అరుగుదల సాగుతూనే ఉంటుంది. అరిగిన ఎముక తిరిగి రాదు. మీ వికారానికి మార్గాలున్నాయి: మాత్రను రాత్రి భోజనం తర్వాత వేసుకోవడం, ఫోలిక్ యాసిడ్ మోతాదు సరిచూడటం, అప్పటికీ తగ్గకపోతే చర్మం కింద ఇచ్చే ఇంజెక్షన్‌కు మారడం. డాక్టర్‌ను అడగడానికి మొహమాటపడొద్దు.

వావిలాకు వేసి కాచిన నీళ్లతో స్నానం చేస్తే హాయిగా ఉంటుందంటే నిరభ్యంతరంగా చేయండి, నీళ్లు మరీ వేడిగా లేకుండా చూసుకోండి. కూరల్లో పసుపు మామూలుగానే వాడుకోండి. మూలికా మందుల పరీక్షలో చేరాలనిపిస్తే మన దేశంలో జరిగే క్లినికల్ ట్రయల్స్ వివరాలు సీటీఆర్‌ఐ (క్లినికల్ ట్రయల్స్ రిజిస్ట్రీ - ఇండియా) వెబ్‌సైట్‌లో ఉంటాయి. అక్కడ నమోదైందో లేదో చూసుకోండి. చేరేముందు మీకు అర్థమయ్యే భాషలో అంగీకార పత్రం ఇస్తారు. పరీక్షిస్తున్న మందుకు డబ్బు కట్టమంటే మాత్రం చేరొద్దు.