ఇంటి బడిలో ప్రార్థన వేళ

ప్రశ్న: పిల్లలకు ఇంట్లోనే చదువు చెబుతున్నాను. ఉదయం కుటుంబ ప్రార్థన ముగిసేసరికే చిన్నవాడు విసిగిపోతున్నాడు. ‘రేపు సర్టిఫికెట్ ఎవరిస్తారు?’ అని అత్తయ్య బెంగ. ఏం చేయమంటారు?
– ఒక సోదరి, గుంటూరు

జవాబు: అమ్మా, 14 ఏళ్లు నిండితే జాతీయ ఓపెన్ స్కూల్ సంస్థ అయిన ఎన్‌ఐఓఎస్ ద్వారా పదో తరగతి పరీక్ష రాయవచ్చు. అత్తయ్యగారికి ధైర్యం చెప్పండి.

ప్రార్థన సంగతే నాకు ముఖ్యం. చిన్నవాడికి అధ్యాయమంతా వినిపించకండి. బైబిల్లోని సామెతల గ్రంథంలో 31 అధ్యాయాలున్నాయి. ఆ రోజు తేదీని బట్టి అధ్యాయం తీసి, ఒక్క వచనం వాడిచేతే వేలు పెట్టి చదివించండి. మా అమ్మాయికి తెలుగు చదవడం అలాగే పట్టుబడింది. చీమల దగ్గరకు వెళ్లమన్న ఆరో అధ్యాయం చదివాక పూటంతా పెరట్లో చీమల బారు చూస్తూ కూర్చుంది. ఆ రోజుకు సైన్సు పాఠం అదే!

పాట మాత్రం మానకండి. అత్తయ్యగారినే ఎత్తుకోమనండి. ఆమెకు కంఠతా వచ్చిన పాత కీర్తనలు పిల్లలకు ఇంకెవరు నేర్పుతారు?