సెన్సర్ మార్చే ముందు కొలిచి చూడు

హనుమకొండ,
ఆదివారం ఉదయం

చిరంజీవి మేనల్లుడికి మామయ్య ఆశీస్సులు.

రాత్రి ఫోనులో నువ్వు చెప్పినవన్నీ పడుకున్నాక కూడా నా తలలో తిరుగుతూనే ఉన్నాయి. మంచిర్యాలలో పొద్దున్నే నీ కారు ఒక్కసారికే స్టార్ట్ అవుతుంది. కరీంనగర్‌లో టీ తాగడానికి పది నిమిషాలు ఆపితే చాలు, మళ్ళీ స్టార్ట్ కావడానికి మొండికేస్తుంది. అయ్యాక వెనక నల్లటి పొగ, పెట్రోలు వాసన. తాళం తిప్పగానే, ఇంజన్ ఇంకా చల్లగా ఉండగానే రేడియేటర్ ఫ్యాన్ హోరుమంటుంది. 16 ఇచ్చే మైలేజీ 12కు పడింది. ఇవన్నీ ఒకేచోటికి వేలు చూపిస్తున్నాయి. ఇంజన్‌ను చల్లబరిచే ద్రవం, అదే కూలెంట్, దాని వేడిని కొలిచే సెన్సర్‌గానీ, దానికి వెళ్ళే వైరుగానీ పాడై ఉండాలి.

బండిలోని లోపాల కోడ్‌లు చదివే స్కానర్‌లో పి0118 అని వచ్చిందనీ, పక్కన ‘హై’ అని ఉంటే ఇంజన్ కాలిపోతోందేమోనని మీ అమ్మ కంగారుపడిందనీ అన్నావు. అక్కకు ముందు ఈ సంగతి చెప్పు. ఆ ‘హై’ వేడి గురించి కాదు, వోల్టేజీ గురించి. అసలు అర్థం దాదాపు తలకిందులు.

ఆ సెన్సర్ లోపల గింజంత పదార్థం ఒకటి ఉంటుంది. వేడి పెరిగేకొద్దీ దాని నిరోధం తగ్గుతుంది. చాలా కార్లలో వాడే రకం 20 డిగ్రీల దగ్గర సుమారు 2,500 ఓములు చూపిస్తుంది. 80 డిగ్రీలకు వచ్చేసరికి 300 చిల్లరకు, 100 డిగ్రీలకు 200 లోపుకు దిగుతుంది. ఈసీయూ, అంటే ఇంజన్‌ను నడిపించే కంప్యూటర్, 5 వోల్టులు పంపి, ఎంత తగ్గిందో చూసి వేడిని లెక్క కడుతుంది. వైరు తెగినా, కనెక్టర్ వదులైనా, గింజ చచ్చిపోయినా ఆ 5 వోల్టులు తగ్గకుండా అలాగే నిలిచిపోతాయి. అప్పుడు ఈసీయూ లెక్క ప్రకారం ఇంజన్ మైనస్ 40 డిగ్రీల చలిలో ఉన్నట్టు. చల్లటి ఇంజన్‌కు పెట్రోలు ఎక్కువ కావాలి కాబట్టి ఎక్కువ పోస్తుంది. మా కాలపు కార్బురేటర్ బండ్లలో చోక్ లాగి వదిలేయడం మరిచిపోతే ఏమయ్యేదో అదే ఇది. పొద్దున నీ ఇంజన్ నిజంగానే చల్లగా ఉంటుంది కనుక ఇబ్బంది తెలియదు. వేడి మీద ఆపి మళ్ళీ తిప్పినప్పుడే పెట్రోలు ముంచెత్తుతుంది. ఇక ఫ్యాన్ సంగతి: వేడి ఎంతో తెలియనప్పుడు ఇంజన్‌ను కాపాడటానికి చాలా బండ్లు ఫ్యాన్‌ను ఆపకుండా తిప్పుతాయి. అది జాగ్రత్తే, జబ్బు కాదు.

ఇది పి0118 కాక పి0117 అయి ఉంటే వోల్టేజీ పడిపోయిందని, అంటే వైరు ఎక్కడో షార్ట్ అవుతోందని అర్థం. పి0128 అయితే నేను ముందు థర్మోస్టాట్, అంటే వేడిని బట్టి కూలెంట్ దారి తెరిచి మూసే కవాటం, తెరిచే ఉండిపోయిందేమో చూసేవాణ్ణి. అంకె ఒక్కటి మారితే వెతకాల్సిన చోటు మారుతుంది. అందుకే కోడ్ చూడగానే షాపుకు పరిగెత్తవద్దంటున్నాను.

రేపు పొద్దున, బండి రాత్రంతా నిలిచి ఉన్నప్పుడు, స్టార్ట్ చేయకుండా తాళం మాత్రం తిప్పి స్కానర్‌లో కూలెంట్ వేడి చూడు. పక్కనే ఇంజన్‌లోకి పీల్చే గాలి వేడి కూడా చూపిస్తుంది. రాత్రంతా ఆగిన బండిలో ఆ రెండూ ఇంచుమించు ఒకటే ఉండాలి. గాలి 29 అని, కూలెంట్ మైనస్ 40 అని ఉంటే దొంగ దొరికినట్టే. అప్పుడు కనెక్టర్ విప్పు. పిన్నుల మీద పచ్చటి చిలుము ఉందా, కూలెంట్ తడి ఉందా చూడు. ఇంటి చుట్టూ పొలాలున్న చోట ఎలుకల పని కూడా చూడాలి. కోతల తరువాత అవి బానెట్ కిందికి చేరి వైర్ల మీది తొడుగు కొరుకుతాయి. ఆ వైరును పొడవునా వేళ్ళతో తడుముకుంటూ వెళ్ళు.

నీ బండికి రెండు వైర్ల సెన్సర్ అన్నావు కాబట్టి ఇంకో పరీక్ష చేయవచ్చు. కనెక్టర్ విప్పి, తాళం ఆన్‌లో పెట్టి, బండివైపు ఉన్న రెండు పిన్నుల మధ్య మల్టీమీటర్ పెడితే సుమారు 5 వోల్టులు రావాలి. తరువాత చిన్న వైరు ముక్కతో ఆ రెండు పిన్నులను కలుపు. స్కానర్‌లో వేడి ఒక్కసారిగా 130 దాటి ఎగిరిందంటే వైరింగు, ఈసీయూ రెండూ మంచివే, తప్పు సెన్సర్‌దే. ఎగరలేదంటే సెన్సర్ మార్చినా నీ బాధ తీరదు.

సెన్సర్ తీశాక కూడా ఒకసారి నీ కళ్ళతో చూసుకో. టీ గిన్నెలో నీళ్ళు పోసి స్టవ్ మీద పెట్టు. సెన్సర్ కొన మాత్రమే మునిగేలా దారంతో వేలాడదీయి. గిన్నె అడుగుకు తగలకూడదు, తగిలితే గిన్నె వేడి చూపిస్తుంది. మంచి సెన్సర్ అయితే మీటర్‌లో అంకె రెండు వేల నుంచి నింపాదిగా దిగుతూ వస్తుంది. పదిహేను వందలు, తొమ్మిది వందలు, ఐదు వందలు. నీళ్ళలో అడుగున చిన్న చిన్న బుడగలు లేచేసరికి మూడు వందల దరిదాపుల్లో ఉంటుంది. పాడైనదైతే మధ్యలో ఒక్కసారి ఎగిరి పడుతుంది, లేదా మొదటి నుంచీ ఏమీ చూపించదు. కొత్తది బిగించే ముందు దాన్నీ ఇలాగే పరీక్షించు. ఒకే ఆకారం, ఒకే మరలు ఉండి ఓములు వేరుగా ఉండే సెన్సర్లు దొరుకుతాయి. పాతది చేతిలో పట్టుకుని షాపుకు వెళ్ళు, దాని మీది నంబరు కలిస్తేనే డబ్బులివ్వు.

ఇప్పుడు అసలు పని, సెన్సర్ మార్చడం. నా మాటల్లో ఒక్కటే గుర్తుంచుకుంటానంటే ఇది గుర్తుంచుకో: వేడి ఇంజన్ మీద రేడియేటర్ మూత తీయవద్దు. మూత బిగించి ఉన్నంతసేపు లోపల ఒత్తిడి వల్ల కూలెంట్ నూరు డిగ్రీలు దాటినా మరగకుండా ఉంటుంది. మూత వదిలిన క్షణం అదంతా ఒక్కసారిగా మరిగి ముఖం మీదికి వస్తుంది. మెడ నుంచి మోచేతి దాకా తోలు ఊడిన కుర్రాణ్ణి నేను చూశాను. మన ఎండల్లో 44 డిగ్రీలున్న మధ్యాహ్నం బండి రెండు గంటలు ఆపినా చల్లారదు. తెల్లవారుజామున ఆరింటికి మొదలుపెట్టు. రేడియేటర్ పైగొట్టాన్ని చేత్తో పట్టుకుంటే చల్లగా, నొక్కితే మెత్తగా ఉండాలి.

బ్యాటరీ నెగెటివ్ వైరు విప్పు. రేడియేటర్ కింద శుభ్రమైన టబ్ పెట్టి రెండు లీటర్ల దాకా వదిలితే, సెన్సర్ తీసినప్పుడు కూలెంట్ మీద పడదు. ఆ టబ్‌ను మాత్రం వదిలి వెళ్ళవద్దు. కూలెంట్ తియ్యగా ఉంటుంది, కుక్కలు నాకుతాయి, అది వాటికీ పిల్లలకూ విషం. మీ వాకిట్లో ఎప్పుడూ ఇద్దరు ముగ్గురు పిల్లలు ఆడుకుంటూ ఉంటారు కదా.

పైగొట్టం ఇంజన్‌లోకి వెళ్ళే చోట, థర్మోస్టాట్ పెట్టె పక్కనే ఎక్కువగా సెన్సర్ ఉంటుంది. మరల రకమైతే చాలావాటికి 19 నంబరు లోతు సాకెట్ సరిపోతుంది. క్లిప్ రకమైతే క్లిప్ లాగి మెల్లగా తిప్పుతూ బయటికి తీయాలి. అప్పుడు పాత ఓరింగు (రబ్బరు రింగు) లోపలే ఉండిపోలేదు కదా అని వేలు పెట్టి చూడు. దాని మీదే కొత్తది నెట్టి, కారుతోందని వారం రోజులు వెతికినవాళ్ళున్నారు. మరలు రావడం లేదని బలం పెట్టవద్దు. అది ఇత్తడి, పెట్టె అల్యూమినియం. తుప్పు వదిలించే నూనె చుక్క వేసి కాసేపు ఆగు.

కొత్తదాన్ని ముందు వేళ్ళతోనే మూడు నాలుగు చుట్లు తిప్పు. వంకరగా ఎక్కితే చేతికే తెలుస్తుంది. కొత్త వాషర్ వేసి, వాషర్ కూర్చున్నాక సాకెట్‌తో కొంచెం బిగిస్తే చాలు. పొడుగు పానా పట్టుకుని వేలాడవద్దు. టేపు చుట్టమని ఎవరైనా చెబితే వినకు. వాషర్ ఉన్నదానికి టేపు అవసరం లేదు. ఒకే వైరున్న పాత రకాలకైతే టేపు దళసరిగా చుడితే ఎర్త్ అందక మీటర్ తప్పు చూపిస్తుంది.

నింపేటప్పుడు బోరు నీళ్ళు పోయవద్దు. మన బోరు నీళ్ళు కాచిన గిన్నె అడుగున తెల్లటి పొర కడుతుంది కదా, రేడియేటర్ సన్నటి గొట్టాల్లోనూ అదే కడుతుంది. కూలెంట్ సగం, డిస్టిల్డ్ వాటర్ సగం. మనకు గడ్డకట్టే చలి లేదు కదా, నీళ్ళు చాలదా అని అంటారు. ఆ సగం కూలెంట్ మనకు కావలసింది తుప్పు పట్టకుండా ఉండటానికి, నీళ్ళకన్నా ఆలస్యంగా మరగడానికి. ఇప్పుడున్న రకమే తెచ్చుకో, వేరే రకం కలపవద్దు.

ఇక్కడ తొందరపడితే చేసిందంతా వృథా. బండి ముందు భాగం కాస్త ఎత్తులో ఉండేలా నిలుపు. బ్యాటరీ వైరు తగిలించి, మూత తీసి ఉంచే, హీటర్ పూర్తి వేడి మీద పెట్టి చల్లటి ఇంజన్ స్టార్ట్ చెయ్యి. బుడగలు వస్తాయి, మట్టం దిగుతుంది, పోస్తూ ఉండు. బుడగలు ఆగి, మట్టం నిలిచాక, ఇంకా మరీ వేడెక్కక ముందే మూత బిగించు. తరువాత ఫ్యాన్ రెండుసార్లు తిరిగి ఆగేదాకా చూడు. లోపల గాలి బుడగ మిగిలి అది సెన్సర్ కొన దగ్గర నిలిస్తే కొత్త సెన్సర్ కూడా అబద్ధమే చెబుతుంది.

ఈ మాట నేను ఊరికే రాయడం లేదు. చాలా ఏళ్ళ క్రితం మేడారం జాతరకు నా బండిలోనే మీ అత్తయ్యను, పిల్లలను తీసుకుని బయలుదేరాను. తాడ్వాయి దాటాక బండ్లన్నీ నడకకన్నా నెమ్మదిగా కదులుతున్నాయి. ఇంజన్ వేడి చూపించే మీటర్ ముల్లు పైకి లేచింది. అంతకు నెల ముందే ఆ సెన్సర్ ఒకసారి తప్పు చూపించింది, ఇదీ అంతేనని దాని వైరు పీకేశాను. ముల్లు కిందికి పడింది, నా మనసూ కుదుటపడింది. నిజానికి రేడియేటర్ అడుగు గొట్టం చిట్లి నీళ్ళన్నీ పోయాయి. అడవి మధ్యలో ఇంజన్ పట్టేసింది. ఇంజన్ పైభాగం, అదే హెడ్, వంగిపోయింది. పిల్లలను ఎవరిదో ట్రాక్టర్ ఎక్కించి పంపి రాత్రంతా బండి దగ్గర కూర్చున్నాను. అందుకే చెబుతున్నాను, ముల్లు లేచినప్పుడు ముందు బండి ఆపు, సెన్సర్‌ను అనుమానించడం తరువాత. బాగా పైకి లేచిన ముల్లు ఉన్నట్టుండి కిందికి పడినా ఆపు. నీళ్ళు లేక సెన్సర్ కొన గాలిలో తేలుతున్నప్పుడు కూడా అది తక్కువే చూపిస్తుంది.

కోడ్ చెరిపేసి హుజూరాబాద్ దాకా నడుపుకుని రా. మామూలు పరుగులో స్కానర్ 85, 95 మధ్య చూపించాలి. మరునాడు పొద్దున చల్లగా ఉన్నప్పుడు కూలెంట్ ట్యాంకులో మట్టం గీతల మధ్య ఉందో లేదో చూసి నాకు ఫోను చెయ్యి. పాత సెన్సర్ పారేయకు. వచ్చే వారం ఇక్కడికి వచ్చినప్పుడు జేబులో వేసుకుని రా, గిన్నెలో పెట్టి ఇద్దరం చూద్దాం.

నీ
మామయ్య