ముందు గొయ్యి తవ్వి చూడు

అమ్మడూ,

సర్పంచ్ అయ్యాక నువ్వు మొదట పట్టుకున్న పని మురుగునీరు అని విని చాలా సంతోషించాను. మా రోజుల్లో అందరూ సిమెంటు కాలవ అడిగేవారు గానీ, దాని చివర నీళ్ళు ఎక్కడికి పోతాయని అడిగినవాళ్ళు లేరు. ఎవరో మోటార్లు, గాలి ఊదే బ్లోయర్లతో మురుగు శుద్ధి ప్లాంటు పెడతామంటున్నారని, ఒప్పుకోమంటావా అని అడిగావు. తొందరపడకు.

వానలు బాగా పడ్డాక, ఆశ్వయుజ కార్తీకాల్లో, ఊళ్ళో నాలుగు చోట్ల గొయ్యి తవ్వించు. ఎన్ని అడుగుల్లో నీరు తగిలిందో రాసుకో. పౌర్ణమికీ అమావాస్యకీ సముద్రం పోటు మీద ఉన్నప్పుడు మళ్ళీ చూడు. ఉప్పుటేరు పక్కనైతే గొయ్యిలో నీరు పైకి రావడం కళ్ళారా కనిపిస్తుంది.

ఈ పని చెయ్యక నేను పడ్డ బాధ ఇంకా మర్చిపోలేదు. ఉద్యోగంలో చేరిన కొత్తలో ఒక పల్లెలో మే నెలలో ఇంకుడు గుంతలు కట్టించాను. పోసిన నీరు పోసినట్టే ఇంకిపోయింది. కార్తీకంలో వెళ్ళి చూస్తే రెండడుగుల్లోనే ఊట. గుంతలు పొంగి సబ్బు నురగ గుమ్మాల ముందుకొచ్చింది. పక్కనే చేతిపంపు. ఒకావిడ బిందె తెచ్చి నా ముందు పెట్టి, "వాసన చూడండి బాబూ" అంది. మన ఇసుకలో తాగే నీరు ఉప్పునీటి మీద పలచటి పొరలా నిలిచి ఉంటుంది. ఇంకించిన మురుగు నేరుగా దాన్లోకే పోతుంది. గుంత అడుగుకీ వానాకాలపు నీటిమట్టానికీ మధ్య ఐదారు అడుగుల పొడి నేల లేకపోతే, ఎవరు చెప్పినా కట్టనివ్వకు.

ఇక లెక్క. మనిషికి రోజుకు 55 లీటర్ల కుళాయి నీరు అనుకుంటే వెయ్యిమందికి 55,000. అందులో 40,000 దాకా కాలవలోకి వస్తుంది. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా సముద్రంలో చేపల వేట నిషేధం, మగవాళ్ళంతా ఇంటిపట్టునే ఉంటారు. ఆ 61 రోజుల వాడకం చూసుకునే సైజు ఖాయం చెయ్యి.

నాకు నమ్మకమున్నది కరెంటు అక్కర్లేని పద్ధతి మీదే. 2014లో హుద్‌హుద్, 2018లో తిత్లీ వచ్చినప్పుడు కరెంటు లేక ఎంత అవస్థ పడ్డామో నీకు గుర్తుండే ఉంటుంది. బ్లోయరు ఆగితే మురుగును తినే బ్యాక్టీరియాకి గాలి అందదు, ప్లాంటు కుళ్ళిపోతుంది. అంతా పల్లానికి పారేలా పెట్టుకో. మొదట మడ్డీ జిడ్డూ ఆగే తొట్టి, తర్వాత అడ్డుగోడల తొట్టి, ఆపైన కంకర పోసి మెట్టతామర, జమ్ము నాటిన మడి. వెయ్యిమందికి మడి రెండడుగుల లోతున పది పన్నెండు సెంట్లు పడుతుంది. నీరు కంకర కిందే పారాలి, పైన నిలిస్తే దోమలు. అడుగున రొయ్యల చెరువులకు పరిచే మందపాటి షీటు వేయించు. తొట్లు కట్టగానే నీళ్ళు నింపు, ఊట పెరిగితే ఖాళీ తొట్టి పైకి లేచిపోతుంది. పుదుచ్చేరి దగ్గర ఆరోవిల్‌లో ఇలాంటివి నడుస్తున్నాయి, వార్డు మెంబర్లని తీసుకెళ్ళి చూపించు.

ఉప్పుచేపల తొట్ల నీరు మాత్రం ఇందులోకి రానివ్వకు, మెట్టతామర మాడిపోతుంది. వాననీటి కాలవ కూడా వేరుగా ఉండాలి. బయటికొచ్చిన నీటిని సరుగుడు తోటకి, కొబ్బరి చెట్లకి పెట్టు, ఆకుకూరలకి వద్దు.

స్వచ్ఛ భారత్ రెండో దశలో ఐదువేల లోపు జనాభా ఊళ్ళకి మురుగునీటి పనులకి తలకి 280 రూపాయల దాకా లెక్క ఉండేది. ఇప్పుడెంత ఇస్తున్నారో ఎంపీడీవో ఆఫీసులో కనుక్కో. దాంతో అంతా అవదు. నెలనెలా జిడ్డు తీసేదెవరు, జీతం ఎక్కడినుంచి అన్నది గ్రామసభలో తీర్మానం రాయించాకే పని మొదలుపెట్టు.

సెప్టిక్ ట్యాంకులోకి మనిషిని దింపనివ్వకు తల్లీ. రక్షణ సామగ్రి లేకుండా దింపితే 2013 చట్టం ప్రకారం నేరం. పక్కఊళ్ళో మామూలే అన్నా, ఒక్క నిమిషమే అన్నా వినకు. 14420 హెల్ప్‌లైన్‌కి ఫోన్ చేసి ట్యాంకరు ఎలా తెప్పించాలో అడుగు. ఆ నంబరు పంచాయతీ గోడ మీద రాయించు.

కార్తీక పౌర్ణమికి నేనూ వస్తాను. గోతులు తవ్వించి ఉంచు, పోటు వేళకి టేపు పట్టుకుని ఇద్దరం చూద్దాం.

నీ పెదనాన్న