లోపలి ఎలక్ట్రాన్ జోలికి ఎందుకు?

ప్రశ్న: మేడం, రసాయన బంధాలన్నీ బయటి ఎలక్ట్రాన్ల పనే అని చదివాం. మరి సైంటిస్టులు అతి తక్కువ సేపు మెరిసే ఎక్స్‌రే పల్స్‌లతో కేంద్రకం పక్కనున్న ఎలక్ట్రాన్లను ఎందుకు కదిలిస్తున్నారు?
– బీఎస్సీ విద్యార్థిని, అనంతపురం

జవాబు: నువ్వు చదివింది నిజమేనమ్మా. అయితే బయటి ఎలక్ట్రాన్లు అణువంతా పరుచుకుని ఉంటాయి, ఏది ఏ పరమాణువుదో విడదీసి చెప్పలేం. కేంద్రకానికి అతి దగ్గరి కక్ష్యలో ఉండే లోపలి 1ఎస్ ఎలక్ట్రాన్ మాత్రం తన పరమాణువునే అంటిపెట్టుకుని ఉంటుంది. దాన్ని పెరికేయడానికి కార్బన్‌లో సుమారు 290 ఎలక్ట్రాన్ వోల్టులు (పరమాణు స్థాయిలో శక్తిని కొలిచే ప్రమాణం) కావాలి, నైట్రోజన్‌లో 410, ఆక్సిజన్‌లో 540. ఎక్స్‌రే శక్తిని తగినట్టు సరిచేస్తే మనకు కావలసిన పరమాణువునే తట్టి లేపొచ్చు.

కర్నూలులో నా క్లాసులో ఏటా బోర్డు మీద ఇథైల్ ట్రైఫ్లోరోఅసిటేట్ బొమ్మ వేస్తాను. అందులో కార్బన్లు నాలుగు. స్వీడన్‌లో కై సీగ్‌బాన్ బృందం ఎక్స్‌రేలతో పరీక్షిస్తే నాలుగూ గ్రాఫ్‌లో నాలుగు వేరువేరు శిఖరాలుగా కనిపించాయి. మూడు ఫ్లోరిన్లు ఎలక్ట్రాన్లను తమవైపు లాక్కున్న కార్బన్‌కు అన్నిటికన్నా ఎక్కువ శక్తి కావాలి, చివరనున్న మిథైల్ కార్బన్‌కు అన్నిటికన్నా తక్కువ. బంధాల్లో పాల్గొనకపోయినా, తన చుట్టూ బంధాలు ఎలా ఉన్నాయో లోపలి ఎలక్ట్రానే చెప్పేస్తోంది చూడు! సీగ్‌బాన్‌కు 1981లో నోబెల్ వచ్చింది ఈ పద్ధతికే.

ఇక పల్స్ అంత చిన్నగా ఎందుకంటే, లోపల ఏర్పడిన ఖాళీ కొన్ని ఫెమ్టోసెకన్లలోనే (సెకనును పది కోట్ల కోట్ల భాగాలు చేస్తే ఒక భాగం ఒక ఫెమ్టోసెకను) నిండిపోతుంది. పై నుంచి ఒక ఎలక్ట్రాన్ అందులోకి దిగుతుంది, ఆ మిగులు శక్తితో ఇంకొకటి బయటకు ఎగిరిపోతుంది. దీన్నే ఓజే ప్రక్రియ అంటారు. ఈలోపే పని ముగియాలంటే పల్స్ అటోసెకన్లలో ఉండాలి, అంటే ఫెమ్టోసెకనులో వెయ్యో వంతు లెక్కన. కాలిఫోర్నియాలో 2009లో మొదలైన ఎక్స్‌రే లేజర్ తర్వాతి ఏళ్లలో ఆ స్థాయిని అందుకుంది.

నాకు ఎక్కువ ఆసక్తి ఇక్కడే. పల్స్ చిన్నదయ్యేకొద్దీ అందులో రకరకాల శక్తులున్న ఫోటాన్లు, అంటే కాంతి రేణువులు, చేరతాయి. ఒక ఫోటాన్ 1ఎస్ ఎలక్ట్రాన్‌ను పైకి లేపుతుంది, అదే పల్స్‌లోని కాస్త తక్కువ శక్తి ఫోటాన్ ప్రభావంతో ఆ ఖాళీ పూడిపోతుంది. చివరికి మిగిలేది బయటి ఎలక్ట్రాన్లలో కదలిక, అదీ మనం ఎంచుకున్న పరమాణువు దగ్గరే మొదలై. నైట్రిక్ ఆక్సైడ్ అణువులో ఆక్సిజన్ దగ్గర దీన్ని చేసి చూపించారు, ఫలితాలు 2020లో అచ్చయ్యాయి.

ఎమ్మెస్సీకి వెళ్లాక ఇందోర్‌లోని ఇండస్-2 అనే ఎక్స్‌రేలు పుట్టించే సింక్రోట్రాన్ యంత్రం గురించి తప్పకుండా వాకబు చెయ్యి. అక్కడి పల్స్‌లు ఇంత చిన్నవి కావుగానీ, లోపలి ఎలక్ట్రాన్లతో అణువుల్ని చదవడం అక్కడ చక్కగా నేర్చుకోవచ్చు.