ఎకోలో క్లాట్ లేదుగా, ఇంక మాత్రలెందుకు?

ప్రశ్న: డాక్టర్ గారూ, మా అమ్మకు 68 ఏళ్లు, బీపీ, షుగర్ ఉన్నాయి. గుండె దడగా ఉందంటే చూపించాం, ఏట్రియల్ ఫిబ్రిలేషన్, అంటే గుండె పైగదులు లయ తప్పి కొట్టుకోవడం అన్నారు. టూడీ ఎకో రిపోర్టులో క్లాట్ (రక్తం గడ్డ) లేదని రాశారు. అయినా రక్తం పలచబరిచే మాత్రలు మొదలుపెట్టారు, పైగా గుండె లయ సరిచేసే షాక్ ఇచ్చేముందు గొంతులోంచి ఇంకో ఎకో తీయాలంటున్నారు. ఇదంతా అవసరమేనా, బిల్లు కోసమా?
– ఓ పాఠకుడు, ఖమ్మం

జవాబు: బిల్లు అనుమానం రావడం సహజమే గానీ, ఈసారి మీ డాక్టరు మాటే నిజం. ఈ జబ్బులో గడ్డ ఎక్కువగా కట్టేది ఎడమ కర్ణికకు (గుండె ఎడమ పైగదికి) చెవిలా వేలాడే ఓ చిన్న సంచిలో. అది ఛాతీ గోడకు దూరంగా లోపల ఉంటుంది, ఛాతీ మీద జెల్ రాసి చూసే టూడీ ఎకోకి సరిగ్గా చిక్కదు. కాబట్టి క్లాట్ లేదంటే, అక్కణ్నుంచి కనపడలేదని మాత్రమే. అన్నవాహిక సరిగ్గా ఆ కర్ణిక వెనకే ఉంటుంది, అందుకే గొంతులోంచి గొట్టం వేసేది. సంచిలో రక్తం మందగిస్తే తెరమీద పొగ సుడులు తిరిగినట్టు కనిపిస్తుంది, మేమూ దాన్ని ‘స్మోక్’ అనే అంటాం. సంచి ఖాళీ అయ్యే వేగం సెకనుకు 20 సెంటీమీటర్లకంటే తగ్గిందంటే నాకు టెన్షనే. గడ్డ ఉండగా షాక్ ఇస్తే అది ఊడి మెదడుకి పోవచ్చు.

గొంతు ఎకోకి ముందు ఆరు గంటలు ఏమీ తినకూడదు, కట్టుడు పళ్లుంటే తీసెయ్యాలి, మింగడానికి ఇబ్బంది ఉంటే ముందే చెప్పాలి. గొంతులో కొట్టిన స్ప్రే తిమ్మిరి వదిలేదాకా అమ్మగారు కాఫీ అడిగినా ఇవ్వకండి, పొలమారుతుంది.

ఇక మాత్రల సంగతి. వాటిని నిర్ణయించేది ఎకో కాదు, పక్షవాతం ముప్పు ఎంతో చెప్పే పాయింట్ల లెక్క. వయసు 65 దాటింది, బీపీ, షుగర్, పైగా ఆడమనిషి, తలా ఒక పాయింటు వేసినా మొత్తం నాలుగు, ఆ లెక్క చాలు. గొంతు ఎకో శుభ్రంగా ఉన్నా, షాక్ తర్వాత గుండె లయలో పడ్డా, కర్ణిక కొన్ని వారాలు మొద్దుగానే ఉంటుంది కాబట్టి కనీసం నాలుగు వారాలు ఎవరూ ఆపరు, మీ అమ్మగారి లెక్కకి ఆ తర్వాతా వాడాల్సి రావచ్చు.

టూడీ ఎకో దండగేమీ కాదు. రిపోర్టులో మైట్రల్ వాల్వ్ (గుండె ఎడమ గదుల మధ్య కవాటం) దగ్గర ఏం రాశారో చూడండి. చిన్నప్పటి కీళ్లవాత జ్వరం (రుమాటిక్ ఫీవర్) వల్ల దాని దారి బాగా ఇరుకై ఉంటే కొత్తరకం మాత్రలు కాదు, వార్ఫరిన్ లాంటివే వాడి ఐఎన్ఆర్ (రక్తం ఎంత పలచబడిందో చెప్పే పరీక్ష) 2, 3 మధ్య ఉంచాలి. ఆ కాగితం ఈసారి డాక్టరు దగ్గరికి తీసుకెళ్లండి.