పసుపు జెర్సీ అభిమానులకు

జులైలో టూర్ ద ఫ్రాన్స్ ముగిసిన దగ్గర్నుంచి సైకిల్ రేసుల మీదే ఉత్తరాలు వస్తున్నాయి. క్రికెట్ ప్రశ్నలు పంపినవాళ్లు ఏమీ అనుకోకండి, ఈ వారం పేజీ మొత్తం వీళ్లదే.

ప్రశ్న: మేడమ్ గారూ, మా అబ్బాయి ఇంటర్ సెకండియర్. దేవుడి క్యాలెండర్ పక్కనే పొగాచర్ అనే సైకిల్ ఆటగాడి పోస్టర్ అంటించాడు. జులై వస్తే చాలు, ట్యూషన్ నుంచి రాగానే ఫోన్ పట్టుకుని రాత్రి తొమ్మిదింటి దాకా కదలడు. కంచం ముందు పెట్టినా చూడడు. ఒకసారి ఆ పిల్లాడు ఓడిపోయాడని ఏడ్చాడు కూడా. ముక్కూ మొహం తెలియనివాడి మీద ఇంత పిచ్చేమిటి? నాకు టెన్షన్‌గా ఉంది.
– ఓ తల్లి, బ్రాడీపేట, గుంటూరు

జవాబు: అమ్మా, టూర్ నడిచేది 23 రోజులు, అందులో రేసు ఉండేది 21 రోజులు. అక్కడ సాయంత్రం అయిదున్నరకు స్టేజీ, అంటే ఆ రోజు రేసు, ముగిస్తే మనకు తొమ్మిది అవుతుంది. ఆ తర్వాత ఫోన్ పక్కన పెట్టేస్తున్నాడంటే చదువుకు వచ్చిన ముప్పేమీ లేదు. పిచ్చి ఎందుకంటారా, నేనూ ఆ పొగాచర్ అభిమానినే కాబట్టి చెప్పగలను.

అతనిది స్లోవేనియా. ఆ దేశం జనాభా 21 లక్షలు, మన ఉమ్మడి గుంటూరు జిల్లాలో సగం కూడా ఉండదు. 2020లో కరోనా వల్ల టూర్ సెప్టెంబర్‌లో ముగిసింది. పసుపు జెర్సీ, అంటే మొత్తం రేసులో అందరికంటే ముందున్నవాడు వేసుకునేది, రోగ్లిచ్ ఒంటి మీద ఉంది. అతనూ స్లోవేనియా వాడే, వయసులో పెద్దవాడు. పొగాచర్ 57 సెకన్లు వెనకబడి ఉన్నాడు. మిగిలింది 36 కిలోమీటర్ల టైమ్ ట్రయల్ ఒక్కటే. ఒక్కొక్కరే బయల్దేరి గడియారంతో పోటీ పడాలి. చివర్లో లా ప్లాంష్ దే బెల్ ఫీ అనే కొండ ఎక్కాలి. ఆ తర్వాత పారిస్ దాకా వెళ్లేది ఊరేగింపులాంటిదే.

ఆ వీడియో మీవాణ్ని అడిగి చూడండి. రోగ్లిచ్ హెల్మెట్ నుదుటి మీద నుంచి వెనక్కి జరిగిపోయి ఉంటుంది, సరిచేసుకునే ధ్యాస కూడా లేదు. ముందే గమ్యం చేరిన అతని జట్టువాళ్లు స్క్రీన్ చూస్తూ నోరు తెరిచి ఉండిపోయారు. ఆ ఒక్క స్టేజీలోనే పొగాచర్ అతని మీద దాదాపు రెండు నిమిషాలు సంపాదించి, మొత్తం రేసును 59 సెకన్ల తేడాతో గెలిచాడు. అప్పటికి ఇరవై రెండేళ్లు నిండడానికి ఇంకా రెండు రోజులుంది. గెలుపు చేజారిన రోగ్లిచ్ కాసేపు నేల మీద కూలబడ్డాడు. తర్వాత లేచి వెళ్లి కుర్రాణ్ని కౌగలించుకున్నాడు. ఆ కొండ మీద ఎవరు గొప్పవాడని నన్నడిగితే ఇద్దరి పేర్లూ చెప్తాను.

మీవాడు ఏడ్చింది 2023 జులైలో అయ్యుంటుంది. ఆ ఏడాది ఏప్రిల్‌లో పొగాచర్ ఒక రేసులో పడి మణికట్టు విరగ్గొట్టుకున్నాడు. అయినా టూర్‌కి వచ్చి రెండు వారాలు డెన్మార్క్ ఆటగాడు వింగెగార్డ్‌తో సెకన్ల లెక్కన పోరాడాడు. చివరికి కోల్ ద లా లోజ్ అనే భయంకరమైన ఎక్కుడు దగ్గర కాళ్లు చేతులెత్తేశాయి. ఇక నా వల్ల కాదని రేడియోలో జట్టుకు చెప్పేశాడు. ఆ మాట ప్రపంచమంతా విన్నది. ముఖం పాలిపోయి, జెర్సీ జిప్ తెరిచేసి, పక్కన తోడుగా ఉన్న ఒక్క సహచరుడితో కొండ ఎక్కుతుంటే నాకూ కళ్లు చెమర్చాయి. ఆ రోజే అయిదు నిమిషాల నలభై అయిదు సెకన్లు పోగొట్టుకున్నాడు. రేసు వదిలి వెళ్లిపోలేదు. మూడు రోజులకు ఇంకో కొండ స్టేజీ గెలిచాడు. మళ్లీ 2024లో ఇటలీ టూర్, ఫ్రాన్స్ టూర్, ప్రపంచ చాంపియన్‌షిప్ మూడూ ఒకే ఏడాది గెలిచాడు. అంతకుముందు అది చేసిన మగవాళ్లు ఇద్దరే: 1974లో మెర్క్స్, 1987లో రోష్.

మీవాడు అభిమానించేది ఓడిన తర్వాత మళ్లీ వచ్చినవాణ్ని. ఏడిస్తే ఏడవనివ్వండి. ఈసారి కొండల స్టేజీ ఉన్న రోజు మీ కంచం కూడా అక్కడికే తెచ్చుకుని "ఇప్పుడు ముందున్నది ఎవర్రా?" అని ఒక్క ప్రశ్న అడగండి. ఇక వాడు ఆగడు.

ప్రశ్న: ముందు అరడజను మంది గాలికి అడ్డంగా తొక్కుతుంటే వెనక హాయిగా వచ్చి చివర్లో గెలిచేవాడు చాంపియన్ ఎలా అవుతాడు?
– డిగ్రీ విద్యార్థి, సత్యనారాయణపురం, విజయవాడ

జవాబు: సగం న్యాయమైన ప్రశ్న. రోడ్డు మీద సైకిల్‌కు పెద్ద శత్రువు గాలి. ముందువాడి చక్రం వెనకే ఉంటే చాలా బలం మిగులుతుంది. అందుకే టూర్‌లో ఎనిమిది మంది జట్టులో ఏడుగురు తమ గెలుపు వదిలేసుకుని నాయకుడి కోసం తొక్కుతారు. జట్టు కారు దగ్గరికి వెళ్లి నీళ్ల సీసాలు జెర్సీలో కుక్కుకుని తెచ్చిచ్చేది వాళ్లే. నాయకుడి టైరు పంక్చరైతే తమ చక్రం ఊడదీసి ఇచ్చేదీ వాళ్లే. విజేతకు వచ్చే అయిదు లక్షల యూరోలను జట్టంతటికీ పంచడం అక్కడి ఆనవాయితీ. అయితే కొండ మీద చివరి కిలోమీటర్లలో ఎవరి నీడా ఉండదు, అక్కడ చాంపియన్ ఒంటరి. మీకు నచ్చిన చాంపియన్ జట్టులో మిగతా ఏడుగురి పేర్లూ నేర్చుకోండి, ఈ ఆట రెండింతలు బాగుంటుంది.

ప్రశ్న: మా అన్నయ్య ఫ్రాన్స్‌లో ఉద్యోగం చేస్తున్నాడు. ఎప్పటికైనా ఆల్ప్ డుయెజ్ కొండ మీద నిలబడి రేసు చూడాలని నా కోరిక. జెండా పట్టుకుని ఆటగాళ్ల పక్కన పరుగెత్తనిస్తారా?
– ఓ వీరాభిమాని, పటమట

జవాబు: తప్పకుండా వెళ్లండి. రోడ్డు పక్కన నిలబడితే టికెట్ లేదు, చాంపియన్ చేయి చాస్తే తగిలేంత దగ్గరగా వెళ్తాడు. ఆ ఘాట్ రోడ్డుకు 21 మలుపులు, మలుపు మలుపుకూ అక్కడ గెలిచినవాళ్ల పేర్లతో బోర్డులుంటాయి. ఒక మలుపు డచ్ అభిమానుల సొంతమన్నట్టు నారింజ రంగుతో నిండిపోతుంది.

కానీ పరుగెత్తకండి. బతిమాలి చెప్తున్నాను. 1999లో అదే కొండ మీద, గెలుపు కొద్ది దూరంలో ఉండగా, ఫొటో కోసం రోడ్డు మధ్యకొచ్చిన ఓ కుర్రాడు గ్వెరీని అనే ఆటగాణ్ని పడేశాడు. అతను లేచి గెలిచాడు కాబట్టి సరిపోయింది. 2018లో నిబాలీ అనే ఆటగాడు అక్కడే జనం మధ్య పడి వెన్నుపూస విరిగి ఇంటికెళ్లిపోయాడు. 2021లో ఒకావిడ తాతయ్యకూ నానమ్మకూ టీవీలో కనబడాలని అట్టముక్క పట్టుకుని కెమెరా వైపు తిరిగి నిలబడింది. వెనక నుంచి వస్తున్న గుంపు చూసుకోలేదు, డజన్ల మంది కుప్పకూలారు. 1975లో అయిదుసార్లు విజేత మెర్క్స్ పసుపు జెర్సీలో కొండ ఎక్కుతుంటే గుంపులోంచి ఒకడు కడుపులో గుద్దాడు. మెర్క్స్ మళ్లీ టూర్ గెలవలేదు.

హీరో కారు దిగితే మీద పడిపోవడం మనకు అలవాటు. అక్కడ ఆ అలవాటు ఒక మనిషి ఏడాది కష్టాన్ని తుడిచేస్తుంది. రెండడుగులు వెనక్కి నిలబడి గొంతు పోయేలా అరవండి. చివరగా వచ్చేవాడికి కూడా అరవండి, వాడూ అదే కొండ ఎక్కాడు.

ప్రశ్న: మేడమ్, 2005 ప్రాంతంలో మా చెల్లికి క్యాన్సర్. సైకిల్ చాంపియన్ ఆర్మ్‌స్ట్రాంగ్ కథ చదివి ఇద్దరం పసుపు రబ్బరు బ్యాండ్లు కట్టుకున్నాం. తర్వాత నిజం తెలిశాక మళ్లీ ఎవర్నీ నమ్మబుద్ధి కావడం లేదు. ఇప్పుడు మా అబ్బాయి సైకిల్ రేసులు చూస్తుంటే భయమేస్తోంది.
– గవర్నర్‌పేట నుంచి ఒకరు

జవాబు: మీ కోపం న్యాయమైనది. క్యాన్సర్ నుంచి బయటపడి 1999 నుంచి 2005 దాకా వరసగా ఏడు టూర్లు గెలిచాడని లోకమంతా నెత్తిన పెట్టుకున్న మనిషి అతను. 2012లో ఆ ఏడూ తీసేశారు, 2013 జనవరిలో నిషేధిత మందులు వాడినట్టు టీవీలో తనే ఒప్పుకున్నాడు. ఆ ఏడేళ్లకు విజేతగా ఇంకెవరి పేరూ రాయలేదు. మందులకన్నా నాకు ఎక్కువ బాధ కలిగించేది, నిజం చెప్పినవాళ్లను అతను కోర్టులకీడ్చి అబద్ధాలకోరులుగా చిత్రించడం.

కానీ ఆ రోజుల్లో మీ చెల్లెలు పక్కన కూర్చున్నది మీరు. ఆ ధైర్యం మీ ఇద్దరిదీ, దాన్ని ఎవరూ రద్దు చేయలేరు. 2008 నుంచి ఆటగాళ్ల రక్తం లెక్కలను ఏళ్ల తరబడి పోల్చి చూసే బయోలాజికల్ పాస్‌పోర్ట్ పద్ధతి వచ్చింది. అది మోసాన్ని పూర్తిగా ఆపుతుందని చెప్పను, కష్టమైతే చేస్తుంది. అబ్బాయికి ఆర్మ్‌స్ట్రాంగ్ కథ మీరే మొత్తం చెప్పండి. వాడు చూసే చాంపియన్ గురించి ఎవరైనా ప్రశ్న వేస్తే ద్రోహం అనుకోవద్దని కూడా చెప్పండి. ప్రశ్నలకు నిలబడే బాధ్యత చాంపియన్‌ది, అభిమానిది కాదు.

ప్రశ్న: అక్కా అని పిలవచ్చా? బీటెక్ చదువుతున్నాను. పొద్దున్నే ప్రకాశం బ్యారేజీ దాటి ఉండవల్లి మీదుగా కరకట్ట రోడ్డు మీద సైకిల్ తొక్కుతాను. రేసులంటే మగపిల్లల ఆట అంటారు ఇంట్లో. మీరు ఎవరి అభిమాని?
– ఓ చెల్లి, విజయవాడ

జవాబు: పిలువు తల్లీ. పొగాచర్ ఇష్టం, కానీ ప్రాణం పెట్టేది ఆనెమీక్ వాన్ వ్లూటెన్‌కి. నెదర్లాండ్స్ అమ్మాయి. 2016 రియో ఒలింపిక్స్‌లో ముందుండి కొండ దిగుతూ మలుపులో పడిపోయింది. కదలకుండా పడి ఉన్న ఆమెను చూసి బతికుందో లేదో అనుకున్నాం. వెన్నుపూసలో మూడు చోట్ల చీలిక. టోక్యోలో రెండోదిగా గీత దాటి, స్వర్ణం తనదే అనుకుని చేతులెత్తింది. ఆస్ట్రియాకు చెందిన గణితంలో డాక్టరేట్ చేసిన కీసెన్‌హోఫర్ అప్పటికే గెలిచిందని ఆమెకు తెలియదు. లోకం ముందు అలాంటి క్షణం ఎదురైతే నాలుగు రోజులు గది తలుపు తీయబుద్ధి కాదు. ఆమె అదే వారంలో టైమ్ ట్రయల్‌లో స్వర్ణం గెలిచింది.

2022లో మహిళల టూర్ ద ఫ్రాన్స్‌లో మొదటి రోజులు కడుపు పాడై ఏమీ తినలేకపోయింది. కొండలు రాగానే దాదాపు 60 కిలోమీటర్లు ఒంటరిగా తొక్కి గెలిచింది. మర్నాడు, పైన చెప్పానే, అదే లా ప్లాంష్ కొండ మీద, సైకిళ్లు మార్చుకుంటూ కూడా మళ్లీ గెలిచి పసుపు జెర్సీతో ఇంటికెళ్లింది. అదే సెప్టెంబర్‌లో ఆస్ట్రేలియాలో ప్రపంచ చాంపియన్‌షిప్. కొద్ది రోజుల ముందే పడి మోచేయి విరిగింది. నిలబడి తొక్కలేని స్థితిలో సహచరులకు సాయం చేద్దామని వచ్చింది. చివరి కిలోమీటరులో వెనక నుంచి దూసుకొచ్చి అందరికంటే ముందు గీత దాటింది. అప్పటికి వయసు 39.

ఇంట్లో ఆ చివరి కిలోమీటరు వీడియో చూపించు, వాదన అక్కర్లేదు. ఎక్కుడు అలవాటు కావాలంటే గుంటూరు వైపు కొండవీడు ఘాట్ రోడ్డు ఉంది. ఒంటరిగా వెళ్లకు, దిగేటప్పుడు రెండు బ్రేకులూ ముందే చూసుకో. బ్యారేజీ మీద తెల్లవారకముందు వెళ్తే వెనక ఎర్రలైటు తప్పనిసరి.