మాడిపోయిన హెడ్జ్ మళ్ళీ చిగురిస్తుందా?

ప్రశ్న: మా తోట చుట్టూ కంచెలా వరసగా పెంచిన హెడ్జ్ చాలా పాతది, మేము ఈ ఇంటికి రాకముందు నుంచీ ఉంది. ఈసారి చలికి, గడ్డకట్టిన మంచుకి సగానికి పైగా గోధుమ రంగులోకి మారిపోయింది. పీకేసి కొత్తవి పెట్టుకోమని అందరూ సలహా ఇస్తున్నారు, నాకేమో మనసొప్పడం లేదు. కత్తిరించి ఎరువు వేస్తే కోలుకుంటుందా?

జవాబు: కోలుకోవచ్చు, కానీ అది ఏ మొక్క అన్నదాన్ని బట్టి ఉంటుంది. మీరేమో ఆ ఒక్క సంగతే రాయలేదు!

ముందు కత్తెర పక్కన పెట్టండి. ఆకు మాడినంత మాత్రాన కొమ్మ చచ్చిపోయినట్టు కాదు. ఏడాది పొడవునా ఆకులుండే మొక్కల్ని చాలాసార్లు చలికంటే దాహమే ఎక్కువ దెబ్బతీస్తుంది, ఎందుకంటే నేల గడ్డకట్టి వేళ్ళకి నీళ్ళు అందవు, పైన ఎండా గాలీ మాత్రం ఆకుల్లోని తేమను లాగేస్తూనే ఉంటాయి. గాలి కొట్టే వైపు మాడి, అవతలి వైపు పచ్చగా ఉంటే కారణం అదే అయ్యుండొచ్చు.

సన్న కొమ్మ మీద బెరడు గోటితో కొద్దిగా గీకండి. లోపల పచ్చగా, తడిగా ఉంటే ప్రాణం ఉంది. పొడిగా, గోధుమ రంగులో ఉంటే ఇంకాస్త కిందకి వచ్చి లావు కొమ్మ మీద గీకి చూడండి. ఒక్కచోట చూసి మొత్తం పోయిందనుకోవద్దు.

మీది యూ (yew), ప్రివెట్, హోలీ (holly), బాక్స్‌వుడ్ మొక్కల హెడ్జ్ అయితే టెన్షన్ అక్కర్లేదు, ఇవి ముదురు కొమ్మల నుంచి కూడా చిగురు వేస్తాయి. సైప్రస్, థూజా అలా కాదు. పచ్చదనం పోయిన పాత కొమ్మ నుంచి ఇవి దాదాపుగా చిగురించవు, కాబట్టి లోపలిదాకా మాడినచోట ఆ ఖాళీ అలాగే ఉండిపోతుంది. అక్కడ మాత్రం కొత్త మొక్క పెట్టాల్సిందే, మనసొప్పకపోయినా.

గట్టి మంచు పడే భయం పోయాక, చిగురు ఎక్కడ వచ్చింది, ఎక్కడ రాలేదు అని తెలిశాక అప్పుడు కత్తిరించండి. ముందే కత్తిరిస్తే వచ్చే లేత చిగుళ్ళు ఆఖరి మంచుకి మళ్ళీ మాడతాయి. గట్టిగా కత్తిరించాల్సి వస్తే ఈ ఏడాది ఒక వైపు, అది బాగా గుబురుగా పెరిగాక రెండో వైపు. ఒకేసారి రెండు వైపులా మోడు చేస్తే నీరసించిన మొక్క తట్టుకోలేదు. అడుగున వెడల్పు, పైన సన్నం ఉండేలా కత్తిరిస్తే కింది కొమ్మలకీ వెలుతురు తగులుతుంది. ఆ పనికి ముందు లోపల పిట్ట గూళ్ళు ఉన్నాయేమో చూసుకోండి.

ఎరువుకి తొందరపడొద్దు. ఇప్పుడు దానికి కావలసింది నీళ్ళు, అదీ వేళ్ళదాకా దిగేలా. మొదళ్ళ చుట్టూ 5 నుంచి 8 సెంటీమీటర్ల మందాన ఎండుటాకులో, చెక్కముక్కలో పరవండి, కాండానికి మాత్రం ఆనకూడదు. చిగుళ్ళు సాగడం మొదలయ్యాక కొంచెం ఎరువు చాలు. వేసవి చివర్లో యూరియా లాంటివి వేస్తే లేత కొమ్మలు వచ్చి మళ్ళీ చలికి దొరికిపోతాయి.

ప్రశ్న: మా హెడ్జ్‌లో కొన్ని మొక్కలకి మొదట్లో బెరడు నిలువునా పగిలింది. ఏదైనా పూయాలా?

జవాబు: ఏమీ పూయొద్దు. లోపల తేమ చిక్కుకుని కుళ్ళే అవకాశం ఉంది. ఊడి వేలాడుతున్న బెరడు ఉంటే పదునైన కత్తితో శుభ్రంగా తీసేయండి, మిగతాది మొక్కే చూసుకుంటుంది. చుట్టూరా బెరడు ఊడితే మాత్రం పై భాగం దక్కదు. అప్పుడు పగులుకి కిందనుంచి చిగురు వస్తుందేమో ఆ సీజనంతా ఆగి చూడండి.